హనుమాయమ్మ పడవ సరంగు

భావనారాయణ చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, సముద్రం మీద బతికిన మనిషి. తండ్రి, అన్నలు గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేస్తుంటే, ఆయనకి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. మీసాలు రాకముందే ఇంట్లో చెప్పాపెట్టకుండా విశాఖపట్నం పోయి సరుకు ఓడల్లో ఖలాసీగా చేరాడు. తాళ్ళు లాగి, తుప్పు గీకి, రంగులు వేసి, చివరికి డెక్కు మీద పనివాళ్ళందరికీ పెద్ద అయ్యాడు. ఏడాదికొకసారి ఇంటికొచ్చేవాడు. ఆయన లేని రోజుల్లో భార్య మల్లేశ్వరి పక్కింటి మగ్గాలకి కండెలు చుట్టి ఇల్లు గుట్టుగా నడుపుకొచ్చింది.

ఆయన బొగ్గు ఓడలో ఉండగా, తొంభయ్యెనిమిదిలో, కొత్త సేఫ్టీ రూల్సు వచ్చాయి. అంతకుముందు ఓడ నడిపే పద్ధతంతా కెప్టెన్ బుర్రలో ఉండేది. ఇకమీదట నిప్పంటుకుంటే ఎవరు ఏం చెయ్యాలో, ఏ పనికి ముందు ఏది చూసుకోవాలో ముందే రాసిపెట్టుకోవాలి. రాసిందాన్ని చేసి చూపించాలి. ఒడ్డున కంపెనీ తరఫున దానికి ఒక మనిషి జవాబు చెప్పాలి. ఓడలో అందరితో పాటు భావనారాయణ కూడా గొణిగాడు. పని మానుకుని ఉత్తుత్తి మంటలు ఆర్పడమేంటని నవ్వాడు.

తర్వాతొకసారి కేరళ నుంచి వచ్చిన ఖలాసీ ఒకడు బొగ్గు గదిలోకి దిగి, గాలి ఆడక అక్కడే పోయాడు. దిగేముందు గాలి పరీక్ష చేసినట్టు కాగితంలో రాసి ఉంది. ఎవరూ చెయ్యలేదు. కాగితం శుభ్రంగా ఉంది కాబట్టి కంపెనీకి మచ్చ రాలేదు. చెప్పినమాట వినకుండా దిగాడని తప్పంతా చచ్చిపోయినవాడి నెత్తిన పడింది. శవాన్ని మోసినవాళ్ళలో భావనారాయణ ఒకడు. ఆ తర్వాత ఆయన ఏ డ్రిల్లుకీ నవ్వలేదు.

నడుము పట్టేసి ఓడ పని మానుకుని ఇంటికొచ్చాక, చిన్న బోట్లు నడిపే లైసెన్సు తీసుకున్నాడు. సునామీ వచ్చిపోయిన మరుసటేడు గుంటూరు నుంచి కబురొచ్చింది. మిర్చి ఎగుమతి చేసే వెంకయ్యగారు షికారు పడవ కొన్నారట, నడపడానికి సరంగు కావాలట.

వెంకయ్యది ప్రత్తిపాడు వైపు నల్లరేగడి పల్లెటూరు. సొంత పొలం మిరపకాయలు బండికెత్తుకుని యార్డుకొచ్చిన మనిషి, కొన్నేళ్ళకి యార్డులో కొట్టు పెట్టాడు, ఆ తర్వాత ఓడలకెత్తాడు. కొనుగోలుదార్లని కలవడానికి కొలంబో పోయినప్పుడు అక్కడి షావుకారు ఒకడు తన యాట్‌లో తిప్పాడు. అది మనసులో పడిపోయింది. చెన్నైలో ఎవరో అమ్మేస్తుంటే కొని, నిజాంపట్నం హార్బరుకి తెప్పించి, చేపల బోట్ల మధ్యన కట్టించాడు. రంగులరంగుల చేపల బోట్ల నడుమ అది ఇస్త్రీ చొక్కాలో ఉన్న పెళ్ళికొడుకులా నిలబడి ఉండేది. దానికి కాలం చేసిన తల్లి పేరు పెట్టుకున్నాడు. హనుమాయమ్మ ఒక్కసారే, కార్తీక పున్నమికి సూర్యలంక పోయి సముద్రం చూసిందట. ఆ ఒక్కపూట ముచ్చటనే బతికినన్నాళ్ళూ చెప్పుకుందట.

తమాషా ఏమిటంటే, వెంకయ్యకి సముద్రమంటే చచ్చేంత భయం. కాలువ సముద్రంలో కలిసే మొగ దాటి పడవ ఊగడం మొదలుపెట్టగానే కడ్డీ రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు. "నెమ్మదిగా పోనీ నారాయణా. మనకేం తొందర్లా," అనేవాడు. అయినా నెలకోసారి ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చేవాడు.

పడవలో ఇంజను చూసేవాడు మాబు సాహెబ్, నిజాంపట్నం మనిషే. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగలడు. నోరు మాత్రం ఊరుకోదు. భావనారాయణని 'అన్నా' అనేవాడు, అంటూనే చెడామడా తగువేసుకునేవాడు.

మొదటి తగువు డ్రిల్లు దగ్గరే వచ్చింది. ఇంజను గదిలో నిప్పు పుట్టిందనుకుని ఏం చెయ్యాలో భావనారాయణ చేయించేవాడు. ఇంజను ఆపు, డీజిలు కట్టు, గాలి మూతలన్నీ మూసెయ్, కిందికి దిగే తలుపు మాత్రం తియ్యకు, జనాన్ని లైఫ్ జాకెట్లతో ముందుకు పంపు.

"రేవులో కట్టేసున్న పడవకి నిప్పేందన్నా," అన్నాడు మాబు చెమట తుడుచుకుంటూ. "ఈ రూల్సు పెద్ద ఓడలకి గదా. మనది షావుకారు షికారు పడవ. గవర్నమెంటోడు కూడా అడగడు."

"అడగడు," అని ఒప్పుకున్నాడు భావనారాయణ. "సొంత పడవకి ఆ రూల్సు వర్తించవు. కానీ ఇన్సూరెన్సోడు అడుగుతాడు. అదీ ఇప్పుడు కాదు, అంతా అయిపోయినాక అడుగుతాడు."

వెంకయ్యకీ ఆ సంగతి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చెన్నై కంపెనీ బీమా ఇవ్వడానికి కొన్ని షరతులు పెట్టింది. పడవ కదిలినప్పుడల్లా లైసెన్సున్న సరంగు అందులో ఉండాలి. మంటలార్పే సరంజామా ఎప్పటికప్పుడు పరీక్ష చేయించాలి. డ్రిల్లులు జరగాలి. అన్నిటికన్నా ముఖ్యం, పడవ సొంత షికారుకే తప్ప అద్దెకి తిప్పకూడదు. డబ్బు తీసుకుని ఒక్కరిని ఎక్కించుకున్నా అది సొంత పడవ కాదు, వ్యాపారం. అప్పుడు వ్యాపారపు పడవలకుండే రూల్సన్నీ మీద పడతాయి, చేతిలో ఉన్న బీమా చెల్లకుండా పోతుంది.

"మీ కోల్డ్ స్టోరేజీకి బీమా ఉంది గదండీ," అన్నాడు భావనారాయణ. "మిరపకాయలకని చెప్పి తీసుకుని, ఆ గదిలోనే డీజిలు డ్రమ్ములు పెట్టారనుకోండి. కాలిపోతే కంపెనీ ఇస్తుందా?"

"ఎందుకిస్తాడు? నేనైనా ఇవ్వను."

"ఇదీ అంతేనండీ."

వెంకయ్య తలూపాడు. ఆ పక్కనే ఆయన అన్న కొడుకు చైతన్యకృష్ణ సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు. చదువుకున్నవాడు, చురుకైనవాడు. యార్డు లెక్కలన్నీ అతనే చూసేవాడు. చెడ్డవాడేం కాదు. ఊరికే పడి ఉండే వస్తువంటే మాత్రం అతనికి ప్రాణం ఒప్పదు. ఖాళీగా ఉన్న గోడౌను, కాయలు ఎండబెట్టని కళ్ళం, నెలకోసారి కదిలే పడవ, అన్నీ అతని కళ్ళకి ఒకలాగే కనిపించేవి.

రెండు వేల ఎనిమిది మొదట్లో మల్లేశ్వరికి కంట్లో శుక్లం బాగా ముదిరింది. బ్రాడీపేటలో కంటి డాక్టరు ఆపరేషనుకి రమ్మన్నాడు. పడవ తాళాలు మాబుకిచ్చి, మధ్యమధ్య ఇంజను తిప్పుతుండమని చెప్పి భావనారాయణ గుంటూరు పోయాడు. ఆపరేషను గది బయట బెంచీ మీద కూర్చుని ఉండగా సెల్‌ఫోన్ మోగింది. హార్బరులో ఐసు కొట్టు నడిపే బుల్లయ్య.

"నారాయణగారూ, మీ పడవ తగలబడిందండీ. మనుషులంతా బతికారు. మాబుకే చేతులు కాలినయ్. గుంటూరు తెస్తన్నారు."

జరిగింది తర్వాత ఒక్కొక్కటీ తెలిసింది. పత్తి విత్తనాల కంపెనీ ఒకటి తన డీలర్లకి విందు చెయ్యాలనుకుంది. చైతన్యకృష్ణ పడవ అద్దెకిస్తానని ఒప్పుకున్నాడు. సరంగు లేడని మాబు అంటే, "మొగ దాకా పోయి రావడమే గదా, నీకు రాదా ఏంది?" అన్నాడట. అడిగింది యజమాని ఇంటి మనిషి. పైగా మాబుకి నిజంగానే పడవ నడపడం వచ్చు. డీలర్లని ఎక్కించుకుని బయల్దేరాడు.

మొగ దాటి కొంతదూరం పోయాక డీజిలు పైపు చిట్లి, వేడిగా ఉన్న ఇంజను మీద చిమ్మింది. పొగ కనపడగానే మాబు ఇంజను ఆపాడు, డీజిలు కట్టాడు, గాలి మూతలు మూశాడు. డీలర్లందరికీ జాకెట్లు తొడిగించి ముందుకు తోశాడు. అరిచి గోలచేసేవాళ్ళని గదమాయించి కూర్చోబెట్టాడు. దగ్గర్లో వలలు లాగుతున్న చేపల బోటుని గుడ్డ ఊపి పిలిచాడు. అందరూ ఆ బోటెక్కుతుంటే ఒక మనిషి తక్కువున్నాడని తెలిసింది. ఎండకి తల తిరిగి కింద గదిలో పడుకున్న డీలరొకడు లేవలేదు. ఆ గదికీ ఇంజను గదికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క తలుపు. అప్పటికే దాన్ని మంట అందుకుంది. మాబు కిందికి దిగే తలుపు తీసి, దిగి, ఆ మనిషిని ఈడ్చుకుంటూ పైకి తెచ్చాడు. తెచ్చేముందు, ఒరిగి దారికి అడ్డం పడబోయిన ఆ కాలుతున్న చెక్క తలుపుని రెండు చేతులా వెనక్కి తోశాడు. కాసేపటికి హనుమాయమ్మ పడవ సగం దాకా కాలి, పక్కకి ఒరిగి మునిగిపోయింది.

ఆస్పత్రిలో మాబు చేతులు మోచేతుల దాకా తెల్లగుడ్డల్లో ఉన్నాయి. పక్కన భార్య రసూల్‌బీ స్పూనుతో మజ్జిగ తాగిస్తోంది.

"తలుపు తియ్యొద్దన్నావు గదన్నా," అన్నాడు మాబు ఆయన్ని చూడగానే. "తీశాను."

భావనారాయణ మంచం కోడు పట్టుకున్నాడు. తాళాలు తనే ఇచ్చిపోయాడు.

చైతన్యకృష్ణ వరండాలోకి పిలిచాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. గడ్డం పెరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి. "నారాయణగారూ, నాదే తప్పు. ఒప్పుకుంటాను. ఇప్పుడు జరగాల్సింది చూద్దాం. రేపు చెన్నై నుంచి బీమా సర్వేయరొస్తాడు. మీరు పడవలో ఉన్నారని ఒక్కమాట చెప్పండి. వచ్చినవాళ్ళు మా స్నేహితులని నేను చెప్తాను. డీలర్లతో మాట్లాడాను, వాళ్ళూ అదే అంటారు."

"నేనప్పుడు కంటి ఆస్పత్రి బెంచీ మీద ఉన్నాను బాబూ."

"తెలుసండీ. పడవ సంగతి వదిలెయ్యండి, అది పోతే పోయింది. పనివాళ్ళ వైద్యం ఖర్చు కూడా ఆ బీమాలోనే ఉంది. మాబుకి తొడ చర్మం తీసి చేతులకి వెయ్యాలంటన్నారు. అదంతా వాళ్ళే పెట్టుకుంటారు. మీరు కాదంటే ఏదీ రాదు."

భావనారాయణ తిరిగి చూస్తే గుమ్మంలో రసూల్‌బీ ఉంది. మొత్తం విన్నది.

"చెప్పన్నా," అంది. "ఒక్కమాటే గదా. నీదేం పోద్ది?"

ఆయన లోపలికొచ్చి మాబు పక్కన కూర్చున్నాడు.

"నేను పడవలో ఉన్నానని చెప్తే," అన్నాడు, "సరంగు ఉండగా ఇంజను వాడు తలుపెందుకు తీశాడని అడుగుతారు మాబూ. చెప్పినమాట వినలేదని రాస్తారు. అందర్నీ బతికించింది నువ్వు. అది నా పేరు మీద పడుద్ది. కాలింది మాత్రం నీ తప్పు కింద పడుద్ది. అట్టాంటిది నేను ఓడలో ఒకసారి చూశాను."

మాబు కట్లలో ఉన్న చేతుల వంక చూసుకున్నాడు. "నాకు పేరెందుకన్నా? చేతులు కావాల."

భావనారాయణ లేచి వచ్చేశాడు.

మల్లేశ్వరి కంటికి కట్టుతో బంధువులింట్లో పడుకుని ఉంది. జరిగిందంతా ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పాడు.

"నన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు మీరు నా చెయ్యి పట్టుకున్నారు," అంది. "ఇన్నేళ్ళలో నాకు కష్టమొచ్చినప్పుడు మీరు ఒడ్డున ఉన్నది ఈ ఒక్కసారే. ఆ ఒక్కరోజూ సముద్రం మీదున్నానని చెప్తారా ఇప్పుడు?"

"మాబు చేతులో?"

"అదడగాల్సింది చెన్నైవాళ్ళని కాదు. పడవెవరిదో వాళ్ళని."

పొద్దున్నే ఆయన మిర్చి యార్డుకి పోయాడు. మిరపకాయలు కుక్కిన టిక్కీలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఘాటుకి హమాలీలు ముక్కులకి తువాళ్ళు కట్టుకుని మోస్తున్నారు. వెంకయ్య కొట్టు ముందు కుర్చీలో ఒక్కడే కూర్చుని, కాయ చూడకుండానే చేతిలో నలుపుతున్నాడు. పడవ కాలిందని ఆయనకి తెలుసు. అద్దె సంగతి తెలియదు. చైతన్యకృష్ణ తన స్నేహితుల్ని షికారుకి పంపాడనే అనుకుంటున్నాడు.

భావనారాయణ నిలబడే చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. చైతన్యకృష్ణని తిట్టలేదు కూడా.

"నేను అబద్ధం చెప్పలేనండీ. కంపెనీ ఇవ్వదు. మనం ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు, ఇవ్వమని అడిగే ముఖం మనకి లేదు. మాబు చేతులు మాత్రం మనవే. ఆ సంగతి మీతో చెప్పిపోదామని వచ్చాను. పని మానేస్తాను, ఇక నడపడానికి పడవ కూడా లేదు గదా."

వెంకయ్య చేతిలో నలిగిన కాయని కింద పడేశాడు. "మా అమ్మ పేరెట్టుకున్న పడవ," అన్నాడు. "బాడుగకి తిప్పాడా." తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

సర్వేయరు నిజాంపట్నం వచ్చినప్పుడు హార్బరు గట్టు మీద వెంకయ్య, చైతన్యకృష్ణ, భావనారాయణ ముగ్గురూ ఉన్నారు. సర్వేయరు నడివయసు మనిషి, మర్యాదస్తుడు. ముందుగా సరంగు ఎవరని అడిగాడు.

"నేనేనండీ," అన్నాడు భావనారాయణ. "ఆరోజు పడవలో లేను."

చైతన్యకృష్ణ తల దించుకున్నాడు. సర్వేయరు రెండో ప్రశ్న వేసేలోపే వెంకయ్య అందుకున్నాడు. "పడవ నాది. బాడుగకి ఇచ్చింది నా ఇంటి మనిషి. సరంగు లేకుండా పంపిందీ మేమే. రాసుకోండి. ఇంకోటి కూడా రాసుకోండి. మాబు సాహెబని మా ఇంజను మనిషి, అందర్నీ ఒడ్డుకి చేర్చాడు. ఒక్కడే."

సర్వేయరు రాసుకున్నాడు. పోయేముందు భావనారాయణ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "ఇంజను గది మంటకి ఇంతమంది బతకడం నేనెక్కువగా చూడలేదండీ. అయినా నా చేతుల్లో ఏమీ లేదు."

"తెలుసండీ," అన్నాడు భావనారాయణ.

బీమా రాలేదు. మాబు వైద్యం వెంకయ్య పెట్టుకున్నాడు. తొలి ఆపరేషన్లు దగ్గరుండి చేయించాడు. ఆ మీదట మిర్చి ధర పడిపోయి, ఆయన బాధలు ఆయనకి మొదలయ్యాయి. చివరి ఆపరేషను ఆలస్యమైంది. ఆలస్యమవడంతో కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకునే ఉండిపోయాయి. చైతన్యకృష్ణ తన మోటారు సైకిలు అమ్మి కొంత తెచ్చిచ్చాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, రసూల్‌బీయే తర్వాతెప్పుడో చెప్పింది.

రసూల్‌బీ మాత్రం భావనారాయణతో మాట్లాడటం మానేసింది. ఆయన మాబుని చూడటానికి వస్తే లోపలికి వెళ్ళిపోయేది. ఆమెని ఆయన తప్పుపట్టలేదు. ఆస్పత్రి గుమ్మంలో ఆమె అడిగినదానికి జవాబు ఆయన దగ్గర అప్పుడూ లేదు, తర్వాతా లేదు. నిజం చెప్పానన్న తృప్తి ఒక పక్కన ఉండేది. మాబు ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం చూస్తే అది కాస్తా ఎటో పోయేది.

చీరాలలో కొన్నాళ్ళు ఊరికే కూర్చున్నాడు. అన్న కొడుకుల మగ్గాలు చూస్తూ ఉండలేక ఒకరోజు బస్సెక్కి నిజాంపట్నం పోయాడు. మాబు హార్బరు పక్కన రేకుల షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. చేపల బోటు ఇంజనొకటి విప్పి ఉంది. పని ఒప్పుకున్నాడు గానీ, స్పానరు వేళ్ళలో నిలవడం లేదు. దాని ముందు ఊరికే కూర్చున్నాడు.

"ఎవరన్నా పనివాడిని పెట్టుకోరాదూ," అన్నాడు భావనారాయణ.

"పెట్టుకున్నాను. నేను తిట్టే తిట్లకి ఎవుడూ నిలవట్లా."

భావనారాయణ చొక్కా చేతులు మడిచి, ఇంజను పక్కన గొంతుక్కూచున్నాడు. ఇంజను పని ఆయనకి బొత్తిగా తెలియదు. ఓడలో ఉన్నన్నాళ్ళూ పైన డెక్కు మీదే గడిచిపోయింది, ఇంజను గదిలోకి దిగిందే లేదు.

"ఏది విప్పాలి?"

"పెద్దది తీసుకో. అది కాదు, దాని పక్కది. నీ ఓడల్లో ఏం చూశావన్నా ఇన్నాళ్ళూ? అట్టా గాదు, ఎడం వైపు తిప్పు. బలంగా వద్దు, పోద్ది."

ఆరోజు సాయంత్రానికి ఇంజను మొరాయించి మొరాయించి చివరికి అందుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చాడు. తర్వాత షెడ్డు పక్కనే గది తీసుకుని మల్లేశ్వరిని కూడా తెచ్చుకున్నాడు. మాబు చెవితో విని చెప్తాడు, భావనారాయణ చేత్తో చేస్తాడు. ఒక మెకానిక్కు చేసే పని ఇద్దరు మనుషులు తగువేసుకుంటూ చేస్తారని హార్బరంతా నవ్వుకునేది. బోట్లవాళ్ళు ఇంజను బాగు చేయించుకోవడానికి వస్తే, పోయేముందు డీజిలు కట్టడం, మూతలు మూయడం వాళ్ళచేత చేయించి చూసేదాకా భావనారాయణ తాళ్ళు విప్పనిచ్చేవాడు కాదు. వాళ్ళు విసుక్కునేవాళ్ళు. మాబు వాళ్ళకి చేతులు చూపించేవాడు. విసుగు ఆగిపోయేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం, ఇద్దరూ నూనె మరకలతో షెడ్డులో ఉండగా రసూల్‌బీ క్యారేజీ తెచ్చింది. ఎప్పట్లా మాబు ముందు పెట్టి పోబోయి ఆగింది. చేపల పులుసు గిన్నె ఇంకొకటి సంచిలోంచి తీసి భావనారాయణ పక్కన, పాత బ్యాటరీ మీద పెట్టింది.

"నేను రమ్మంటే మీ ఆవిడ మా ఇంటికొచ్చి, కారం తక్కువేసి చేయించుకుంది," అంది ఆయన వైపు చూడకుండానే. "కళ్ళకి మంచిది కాదంటగా. మీరూ అదే తినండి."

"సరే చెల్లెమ్మా," అన్నాడు భావనారాయణ.

ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని వానలోకి వెళ్ళిపోయింది. మాబు ముడుచుకున్న వేళ్ళతో క్యారేజీ మూతతో పెనుగులాడుతున్నాడు. భావనారాయణ చేతులు తుడుచుకుని, మూత తీసిచ్చి, తన గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.